పై వరుస దీపాలు

ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోసే రోజున మా ఇంట్లో ఒక వాసన వస్తుంది. పుల్లటి వాసన, గొంతులో గీరినట్టుగా ఉంటుంది. చంద్రపూర్ ఎండాకాలంలో కరెంటు మీద ఎవరికీ నమ్మకం ఉండదు కాబట్టి మా అబ్బాయి రవి ఆ బ్యాటరీ మూతలు విప్పి చూస్తూనే ఉంటాడు. మొన్న వాడు వసారాలో కూర్చుని మూతలు విప్పుతుంటే నేను వంటింట్లో పప్పు ఏరుతున్నాను. వాసన నెమ్మదిగా లోపలికి వచ్చింది. దాని వెనకే నా కోపం కూడా వచ్చింది. ఎస్తేరక్క చనిపోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్లు గుర్తొస్తే మనసు మెత్తబడుతుందంటారు. ఆమె గుర్తొస్తే నాకు ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.

ఆమెను చూడని వాళ్లకు ముందు ఆమె ఎవరో చెప్పాలి. లాల్‌పేట్ వైపు అప్పట్లో నడిచిన ఒక భూగర్భ గనిలో ఆమె ల్యాంప్ రూమ్‌కు ఇన్‌చార్జి. ఆ గని ఇప్పుడు మూతపడింది. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే దీపం ఒకటి, దానికి నడుముకు కట్టుకునే బరువైన బ్యాటరీ ఒకటి ఉంటాయి. ఆ బ్యాటరీలదీ ఇదే పుల్లటి వాసన. షిఫ్టు దిగి వచ్చిన వాళ్ల దీపాలను గోడ పొడవునా ఉన్న ఇనుప అరల్లో ఛార్జింగుకు పెట్టడం, తుడవడం, మళ్లీ షిఫ్టు ఎక్కే వాళ్లకు కిటికీలోంచి అందించడం మా పని. మనిషి తన ఇత్తడి బిళ్ళ ఇస్తాడు, మేము అతని దీపం ఇస్తాం. దీపం తీసిన చోట ఆ బిళ్ళను మేకుకు తగిలిస్తాం. మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి భూమి కింద ఉన్నాడని లెక్క. నా భర్త గుండె ఆగి పోయాక ఆ నౌకరి నాకు ఇచ్చారు. చదువు రాని ఆడమనిషికి ఇంతకంటే మంచి చోటు దొరకదని అందరూ అన్నారు. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి, అవి కూడా ఎస్తేరక్కతో గొడవ పడుతూ వచ్చాయి. నా రాతలో ఆమె మీద చిరాకు కనిపిస్తే అది అక్షరాలతో పాటే అంటుకున్నదనుకోండి.

ఎస్తేరక్క పొట్టి మనిషి. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే దారంతో చెవికి కట్టుకునేది. బెల్లంపల్లి వైపు నుంచి వాళ్ల నాన్న బొగ్గు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడేది, మిగతా రోజులు ఎవరినో ఒకరిని సతాయించేది. ప్రశ్న అడిగితే ఇంకో ప్రశ్నతో జవాబు. పని బాగా చేస్తే మౌనం. ఒక్కసారైనా, ఒక్కరినైనా, బాగా చేశావని అనగా నేను వినలేదు. ఇలాంటి మనిషి దగ్గరికే, జబ్బు చేసి లేచిన వాళ్లందరినీ పంపేవారు.

అదెందుకో కొంచెం వివరంగా చెప్పాలి. పెద్ద జబ్బు నుంచి కోలుకున్న మనిషిని వెంటనే గనిలోకి దించేవారు కాదు. కొన్నాళ్లు పైనే తేలిక పని ఇచ్చి, తర్వాత డాక్టర్ల బోర్డు ముందు నిలబెట్టేవారు. తేలిక పని అనగానే అధికారులకు మా ల్యాంప్ రూమే గుర్తొచ్చేది. బోర్డు ఫిట్ అంటే పాత నౌకరి నిలబడుతుంది. అన్‌ఫిట్ అంటే అతని నౌకరి పోతుంది, కానీ ఇంట్లో ఒకరికి, మామూలుగా కొడుక్కి, నౌకరి వచ్చే దారి అప్పట్లో ఉండేది. చిక్కంతా అక్కడే. తెలంగాణ నుంచి బొగ్గు కోసం వచ్చిన మాకు ఇక్కడ చెలక లేదు, పొలం లేదు. నౌకరే మా పొలం. తండ్రి దున్ని కొడుక్కి అప్పజెప్పేది అదొక్కటే. అందుకని మనిషి దవాఖాన నుంచి ఇంటికి వస్తే ప్రాణం దక్కిందన్న సంతోషం కొన్నాళ్లుండేది, ఆ తర్వాత ఇంట్లో గుసగుసలు మొదలయ్యేవి. అన్‌ఫిట్ చేయించుకుంటే పిల్లగాడు సెటిలయితడు గదా అని. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. మంచం పక్కన కూర్చుని కాళ్లు పట్టినవాళ్లే అనేవారు. ఎస్తేరక్క మాత్రం తన దగ్గరికి వచ్చినవాళ్లను నిలబెట్టి బోర్డుకు పంపేది. కాబట్టి మా బస్తీలో సగం ఇళ్లవాళ్లకు ఆమె అంటే పడేది కాదు.

లచ్చన్న సంగతి చెబితే ఆమె పద్ధతి తెలుస్తుంది. అతను గనిలో బొగ్గు నింపిన టబ్బులు తోసే మనిషి. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కాలు దారికొచ్చింది, చెయ్యి సగమే వచ్చింది, మాట ముద్దగా వచ్చేది. మొదటి రోజు అతని భార్య ఆటోలో తీసుకొచ్చింది, చేతిలో టిఫిను, చంకలో ఒక దిండు.

"ఇది ఎవరికి?" అంది ఎస్తేరక్క దిండు వైపు చూసి.

"ఆయనకే అక్కా. జర ఒరగనీకి."

"ఇక్కడ దీపాలు పండుకుంటయి. మనుషులు కూసుంటరు. తీస్కపో."

దిండు అదే ఆటోలో వెనక్కి వెళ్లింది. లచ్చన్నను కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. యూనిఫారం వేసుకునే రావాలి, టైముకే రావాలి, కానీ దేన్నీ ముట్టుకోకూడదు.

"ఏం చెయ్యాలె అక్కా?" అన్నాడతను.

"కూసో."

"కూసోని?"

"కూసోని ఉండు. అందరు నిన్ను చూడాలె, నువ్వు అందర్ని చూడాలె. గదే పని."

షిఫ్టుకు వెళ్లే ప్రతివాడూ కిటికీలో తల పెట్టి తబియత్ ఎట్లుందని అడిగేవాడు. ఆ మాట వినపడితే చాలు ఆమె లోపల నుంచి లేచి వచ్చేది. "గా ముచ్చట దవాఖానల అడుగు. ఇక్కడ టమాటల ధర అడుగు." వాళ్లకు అదొక ఆట అయిపోయింది. ఒకడి తర్వాత ఒకడు, బిళ్ళ ఇస్తూ, "లచ్చన్నా, టమాటలెట్ల?" అనేవారు. "నాకేం ఎరుక, నేను మార్కెట్ల కూసున్ననా" అని అతను మండిపడేవాడు. కొన్నాళ్లకు పొద్దున్నే భార్యను అడిగి ధర తెలుసుకుని రావడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత వంకాయలు, ఉల్లిగడ్డలు కూడా చేర్చాడు. ముద్దగా ఉన్న మాట విడివడిందని మేమెవరం గమనించలేదు, అతను ధరల మీద వాదించడం మొదలుపెట్టేదాకా. ఒక రోజు కిటికీ దగ్గర గుంపు ఎక్కువైంది. నేను అటు తిరిగే లోపల అతనే లేచి ఎడమ చేత్తో దీపం పట్టి, కుడి చెయ్యి ఆనించి, ఒకతనికి అందించాడు. నేను సంతోషంతో ఎస్తేరక్క వైపు చూశాను. ఆమె లచ్చన్నతో అన్న మాట ఇది: "నీకెవరు చెప్పిండ్రు? నిన్ను కూసొమ్మంటిని గద."

అతను ఆ రోజంతా అలిగి కూర్చున్నాడు. మర్నాడు మళ్లీ లేచి మళ్లీ అందించాడు, ఈసారి ఆమె మీద పంతంతో. ఆమె మళ్లీ తిట్టింది. నాకు ఒళ్లు మండిపోయేది. మంచి మాట ఒకటి అంటే నీ సొమ్మేం పోయిందక్కా అన్నాను. "మంచి మాట వింటే మనిషి మళ్ల కూసుంటడు" అంది. అది సమాధానమో, తప్పించుకోవడమో నాకు ఇప్పటికీ తెలియదు.

లచ్చన్న పెద్దకొడుకు ఒక రోజు కిటికీ దగ్గరికొచ్చి గట్టిగా గొడవ పెట్టుకున్నాడు. "పెద్దమ్మా, నీకు మేం ఏం అన్యాయం చేసినం? ముసలోన్ని ఇంట్ల ఉండనియ్యవ్, నాకు నౌకరి రానియ్యవ్."

"మీ నాయిన గాడనే ఉన్నడు. ఆయన్నడుగు. పడిపోయింది చెయ్యి, నోరు గాదు" అందామె.

లచ్చన్న కొడుకు వైపు చూడకుండా, చేతిలో దీపం బెల్టు తుడుస్తూ, "డ్యూటీ మీదున్న. ఇంటికొచ్చినంక మాట్లాడుదం" అన్నాడు. తర్వాత అతనికి పైనే ఒక పని శాశ్వతంగా దొరికింది. కొడుకు మాత్రం ఎస్తేరక్క ఎదురైతే దారి మార్చేవాడు. నేను మనసులో ఆ పిల్లవాడి వైపే ఉన్నాను. నాకూ కొడుకు ఉన్నాడు కదా.

నా వంతు వచ్చినప్పుడు రవికి పెళ్లై ఏడాది కాలేదు. గడ్‌చాందూర్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్లేవాడు. బస్సులో పోవడం, బస్సులో రావడం, ఎప్పుడు మానమంటారో తెలియని పని. నాకు రొమ్ములో గడ్డ కనిపించింది. నాగ్‌పూర్‌లో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు, చంక కింద కూడా కోశారు. ఆ తర్వాత నెలల తరబడి మందు ఎక్కించారు. జుట్టు ఊడిపోయింది, నాలుకకు రుచి పోయింది, ఎడమ చెయ్యి భుజం దాకా లేవడం మానేసింది. చెయ్యి బిగుసుకుపోకుండా ఉండాలంటే రోజూ గోడ మీద వేళ్లతో పాకించుకుంటూ పైపైకి ఎక్కించమని నర్సు నేర్పింది. ఇంటికొచ్చాక నేను గోడ దగ్గరికి వెళితే చాలు, కోడలు పరిగెత్తుకుంటూ వచ్చి, "ఎందుకత్తమ్మా, పండుకోండి" అనేది. వచ్చినవాళ్లంతా బత్తాయిలు, సంత్రాలు తెచ్చి, "సుగుణా, చేసింది సాలు. ఇగ పిల్లగాని బతుకు చూడు" అనేవారు. రవి ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అనకుండా నా మందులు తెచ్చేవాడు, నా పక్క దులిపేవాడు. వాడు అననందుకే నాకు మరీ బరువుగా ఉండేది. అన్‌ఫిట్ చేయించుకుందామని నేను లోపల దాదాపు నిశ్చయించుకున్నాను.

అప్పుడు ఎస్తేరక్క చూడటానికి వచ్చింది. ఉత్త చేతులతో. మంచం పక్కన కూర్చుని, నా కోసం తెచ్చిన సంత్రాల్లోంచి ఒకటి తీసుకుని ఒలుచుకుని తినడం మొదలుపెట్టింది. నా జబ్బు గురించి ఒక్క మాట లేదు. కొత్త ఛార్జరు సరిగా పనిచేయడం లేదని, సెకండ్ షిఫ్టు వాళ్లు బెల్టులు తుడవడం లేదని, చర్చిలో కొత్త మైకు గుయ్యిమంటుందని చెప్పింది. రెండో సంత్రా కూడా తినేసి, "సోమవారం రా" అంది.

"డాక్టరు పని చెయ్యొద్దన్నడక్కా."

"కూసోవద్దన్నడా?"

"గట్ల అనలేదు."

"మరి రా. తేలిక పనికి రాసిచ్చిండు గద. ఇంట్ల కూసునేది అక్కడ కూసో."

"నాకు వద్దు. నేను బోర్డుకు పోత, అన్‌ఫిట్ చేయమంట" అన్నాను, పక్క గదిలో రవి వింటున్నాడని తెలిసే.

"చేయించుకో. దానికి ఇంక టైముంది. అందాక ఇంట్ల ఈగలు తోలుతవా?" అంది. వెళ్తూ వెళ్తూ ఇంకో సంత్రా చేతిలో పట్టుకుని వెళ్లింది.

సోమవారం వెళ్లాను. వెళ్లకపోతే మళ్లీ వచ్చి మిగతా పండ్లు కూడా తింటుందని కోడలితో అన్నాను. నిజానికి ఇంట్లో నా చుట్టూ అందరూ మెల్లగా మాట్లాడటం నాకు భరించరానిదైపోయింది. లచ్చన్న కూర్చున్న స్టూలు మీదే నన్నూ కూర్చోబెట్టింది. టమాటల ధర నన్నూ అడిగారు. తల మీద కొంగు సర్దుకుంటూ ధర చెప్పాను. ఆ కొన్ని రోజులు పని ముట్టుకోనివ్వకుండా ఆమె నన్ను పెట్టిన బాధ చెప్పలేను. నా కళ్ల ముందే కొత్తగా వచ్చినావిడ దీపాలు తప్పుగా సర్దుతుంటే నోరు మూసుకుని చూడాలి. చివరికి నేనే లేచి, "జరుగమ్మా" అని ఆవిడను పక్కకు నెట్టాను. ఎస్తేరక్క యథాప్రకారం తిట్టింది. నాకు లచ్చన్న గుర్తొచ్చాడు. తెలిసి తెలిసి అదే గుంటలో పడ్డానని ఇంకా కోపమొచ్చింది.

అసలు గొడవ ఆ తర్వాత. నేను ఇన్నేళ్లూ దీపాలను వాటి చోటును బట్టి గుర్తుపట్టేదాన్ని. నంబర్లు చదవడం రాదు. ముఖం చూడగానే ఇతనిది కింది వరుస చివర, అతనిది కిటికీ పక్క మూల అని చెయ్యి దానంతట అదే వెళ్లేది. ఒక పొద్దున వెళ్లేసరికి ఏ దీపమూ దాని చోట లేదు. అన్నీ తారుమారు. పైగా ఒక్కో అరకు సుద్దతో తెలుగు అక్షరం ఒకటి రాసి ఉంది. కింది వరుసకు అ, దాని పైదానికి ఆ, అలా పైకి. కిటికీ బయట జనం పెరుగుతున్నారు. ఒకతను బిళ్ళ పట్టుకుని, "అక్కా, నా దీపం దొరికినంకనే పిలువు, నేను సెకండ్ షిఫ్ట్‌ల దిగుత" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఎవరు చేసిండ్రక్కా గీ పని?" అన్నాను.

"నేనే. నంబర్లున్నయి గద, చూసి తీయ్."

"నాకు సదువు రాదని నీకు తెల్వదా?"

"తెలుసు. చెయ్యి లేస్తలేదని గూడ తెలుసు."

ఆ రోజు ప్రతి దీపానికీ బిళ్ళ మీది గీతలను, దీపం మీది గీతలను పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ వెతికాను. చెమటలు పట్టాయి. నంబర్లు నేర్చుకోక తప్పలేదు. ఒక వరుసకు అలవాటు పడగానే ఆమె మళ్లీ మార్చేది. నాకు ఎక్కువగా అవసరమయ్యే దీపాలు ఒక వరుస పైకి వెళ్లేవి, అడిగితే, "ఆ-లున్నది చూడు", కొన్నాళ్లకు "ఇ-లున్నది చూడు". నాగ్‌పూర్ నర్సు చెప్పిన గోడ గురించి ఆమెకు కోడలు చెప్పిందని నాకు తర్వాత తెలిసింది. ఇంట్లో ఎక్కనివ్వని గోడను ఆమె ఇనుప అరలుగా నా ముందు నిలబెట్టింది. తెలిసి ఉంటే కాస్త ఓర్చుకునేదాన్నేమో. చెప్పలేదు. రెండో షిఫ్టులో పనిచేసే మరాఠీ భావు రోజూ వచ్చి, "హే కాయ్ లిహిలంయ్ బాయీ? హే కోణాలా సమజ్‌తే?" అని తల పట్టుకునేవాడు. ఇదేం రాశావు, ఎవరికి అర్థమవుతుందని. "సుగుణాలా సమజ్‌తే" అనేది ఆమె, సుగుణకు అర్థమవుతుందని. నాకు అప్పటికి అర్థం కావడం లేదు. ఆమె అలా అన్నాక, పరువు కోసం నేర్చుకోవలసి వచ్చింది.

ఒక రోజు ఆమె మితిమీరింది. ఒకతని దీపం అన్నిటికంటే పై వరుసలో పెట్టింది. భుజం దాటి చెయ్యి లేవడమే కష్టంగా ఉన్న రోజులవి. కుడి చెయ్యి ఒక్కటే ఎత్తితే ఆ బ్యాటరీ బరువు ఆగదు. ఆమె పక్కనే చాయ్ తాగుతోంది.

"అక్కా, జర తీసియ్యి."

ఆమె కప్పులోకి చూసింది.

బయట ఉన్నతను, "నేనొచ్చి తీసుకుంటనక్కా" అన్నాడు.

"లోపలికి రావద్దు. రూలు లేదు" అంది ఎస్తేరక్క. ఎన్ని రూళ్లు ఆమె స్వయంగా మంట గలిపిందో నాకు తెలుసు. ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. రెండు చేతులూ ఎత్తాను. కుట్లు వేసిన చోట చర్మం చినిగిపోతుందేమో అన్నట్టు లాగింది. దీపం తీసి కిటికీలో పెట్టి, అందరి ముందూ, "నీ చేతులేమన్న పడిపోయినయా?" అని అడిగాను.

"నాయి మంచిగనే ఉన్నయి" అంది ఆమె.

మర్నాటికి నా చెయ్యి మోచేతి దాకా వాచింది. కంపెనీ దవాఖాన డాక్టరు బాగా చీవాట్లు పెట్టాడు, ఇంత బరువు ఎత్తమని ఎవరు చెప్పారని. రవి మొదటిసారి గొంతు పెంచాడు. "పెద్దమ్మకు ఏం పోతది? నొప్పి నీది." ఆ సాయంత్రం ఎస్తేరక్క మా ఇంటికొచ్చింది. తప్పైంది అనలేదు. వాచిన చెయ్యిని అద్దాలు పైకి జరిపి చాలాసేపు చూసింది. ఆ రోజు పండు ముట్టలేదు. నేను మళ్లీ డ్యూటీకి వెళ్లేసరికి దీపాలన్నీ రెండు వరుసలు కిందికి దిగి ఉన్నాయి. అక్కడి నుంచి మళ్లీ మొదలైంది, ఈసారి నెమ్మదిగా. ఆమెకు తెలియని సంగతులు చాలా ఉండేవి. తెలియదని ఒప్పుకోవడం అందులో మొదటిది.

ఆకులు రాలే కాలానికి నా జుట్టు పొట్టిగా, నల్లగా మొలిచింది. నేను అరల మీది అక్షరాలు దాటి, ఆమె చర్చి పాటల పుస్తకంలో పెద్ద అక్షరాలు కూడబలుక్కోవడం దాకా వచ్చాను. చెయ్యి పై వరుస అంచును తాకుతోంది. సరిగ్గా అప్పుడే బోర్డు నుంచి పిలుపు వచ్చింది. కోడలికి అప్పటికి నెల తప్పింది. రవి ఆ రోజు పనికి పోకుండా ఆటో మాట్లాడుకొచ్చాడు. ఎస్తేరక్క ఎవరూ పిలవకుండానే ఆదివారం చీర కట్టుకుని ఆటోలో ఎక్కి కూర్చుంది. ముందు సీటులో డ్రైవరు పక్కన రవి. వాడి మెడ వెనక భాగం చూస్తూ కూర్చున్నాను. ఎండకు కమిలి, సిమెంటు దుమ్ము కడిగినా పోని మెడ.

లోపల ఏం జరుగుతుందో నాకు ముందే తెలుసు. చెయ్యి ఎత్తమంటారు. ఎంత ఎత్తాలన్నది నా ఇష్టం. భుజం దాకా ఎత్తి మొహం చిట్లిస్తే అన్‌ఫిట్. రవికి నౌకరి, పుట్టబోయే బిడ్డకు కంపెనీ దవాఖాన, క్వార్టరు. పూర్తిగా ఎత్తితే నాకు నా కిటికీ, నా దీపాలు, రిటైరయ్యే దాకా నా జీతం. వాడికి మళ్లీ గడ్‌చాందూర్ బస్సు. అబద్ధం చెప్పనక్కరలేదు కూడా. నొప్పి నిజంగానే ఉంది. దాన్ని ఎక్కడ ఆపాలన్నదే ప్రశ్న. దవాఖాన వరండాలో రవి చీటీ చూపించడానికి వెళ్లినప్పుడు, ఇన్ని నెలలు నన్ను కాల్చుకు తిన్న మనిషిని అడిగాను. "అక్కా, ఎంత ఎత్తాలె?"

"నన్నెందుకు అడుగుతవ్? చెయ్యి నాదా?"

"ఇన్ని దినాలు నీదే అన్నట్టు చేస్తివి గద."

"దీపాలు నాయి. గవి జరిపిన. చెయ్యి నేను జరపలే."

నాకు ఆమెను ఆ వరండాలోంచి కిందికి తోసెయ్యాలనిపించింది. కూర్చోమని, లేవమని, వెతకమని, చదవమని రోజూ పురమాయించిన మనిషి, ఒక్క మాట అవసరమైన రోజున సంచీలోంచి మరమరాలు తీసి తినడం మొదలుపెట్టింది. ఎత్తు అంటే ఎత్తేదాన్ని, కొడుకు దగ్గర నింద ఆమె మీద వేసేదాన్ని. దించు అంటే దించేదాన్ని, నా కిటికీ పోయిన దుఃఖం ఆమె మీద వేసేదాన్ని. ఆ వీలు కూడా నాకు ఇవ్వలేదు.

లోపల ముగ్గురు డాక్టర్లు. ఒకాయన కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "హాత్ ఉపర్ కరో" అన్నాడు. గుమ్మం దగ్గర రవి నిలబడి ఉన్నాడు. వాడు నా చేతి వైపు చూడటం లేదు, నేల వైపు చూస్తున్నాడు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది, ఆ దుఃఖంతోనే చెయ్యి ఎత్తాను. భుజం దగ్గర ఆగుతుందేమోనని నేనే ఎదురుచూశాను. అది ఆగలేదు. చెవి దాటింది, తల దాటింది, పై వరుసలో దీపం ఉన్నట్టు వేళ్లు వాటంతట అవే తెరుచుకున్నాయి. డాక్టరు అప్పుడు తల ఎత్తి చూశాడు. చాలు, దించమన్నాడు.

బయటికొచ్చాక రవి, "ఆటో ఉన్నది పదమ్మా" అన్నాడు. ఎస్తేరక్క నా మొహం చూసి మరమరాల పొట్లం మడిచింది. "సోమవారం ఫస్ట్ షిఫ్ట్" అంది. అంతే. ఆ తర్వాత రవి చాలా కాలం నాతో అవసరమైన మాటలే మాట్లాడాడు. చాయ్ తెచ్చేవాడు, మందులు తెచ్చేవాడు, ఎదురుగా కూర్చునేవాడు కాదు. వాడికి కోపం ఉండటం న్యాయమే. నేను చేసిందీ న్యాయమే అనుకుంటాను. ఈ రెండు న్యాయాలు ఒకే ఇంట్లో ఉంటే అన్నం తినడం ఎంత కష్టమో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. నా జీతంతో మనవరాలు పుట్టింది, బడికి వెళ్లింది. రవి సిమెంటు పని మాని, అప్పో సప్పో చేసి ఒక స్కూలు వ్యాను కొన్నాడు. సాస్తి వైపు పిల్లలను తిప్పుతాడు. వాడి బతుకు గొప్పగా లేదు, చెడ్డగా లేదు. కంపెనీ నౌకరి మాత్రం కాదు.

రిటైరయ్యాక ఎస్తేరక్కకు పెద్ద జబ్బే చేసింది. లేచింది కానీ ఇల్లు కదలడం మానేసింది. నేను వెళ్లాను. ఉత్త చేతులతో. మంచం పక్కన కూర్చుని, ఎవరో తెచ్చిన అరటిపండు ఒలుచుకుని తిన్నాను. మా మనవరాలు లెక్కల్లో వెనకబడిందని, రవి వ్యాను గేరు సరిగా పడటం లేదని చెప్పాను. ఆమె అద్దాల వెనక నుంచి నన్నే గుచ్చి చూసింది. వెళ్తూ, "ఆదివారం చర్చికి రా" అన్నాను.

"చేతగాదే. పాట పాడనీకి దమ్ము లేదు."

"పాడమన్ననా? కూసో."

"నా ఎత్తు నా మీదనే ఏస్తున్నవా?" అంది. ఆమె విసుక్కోవడం చూసి నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. ఆదివారం వచ్చింది. వెనక బెంచీలో గోడకు ఆనుకుని, పాటలు పాడేవాళ్ల తప్పులు వింటూ, మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన పాటల పుస్తకం తెరిచి నేను పాడాను. ఒక పదం దగ్గర తడబడితే మోచేత్తో పొడిచింది. అలా చాలా ఆదివారాలు వచ్చింది. ఒక ఆదివారం రాలేదు.

నేను జబ్బు చేసి లేచిన వాళ్ల ఇళ్లకు వెళితే ఇప్పటికీ తబియత్ ఎట్లుందని అడగను. దానికి కొందరు నొచ్చుకుంటారు. వంటింట్లో ఉప్పు డబ్బా పై అలమరలో పెడతాను, కోడలు కిందికి దించుతుంది, నేను మళ్లీ పైన పెడతాను. ఆమెకు నా మీద వచ్చే కోపం నాకు బాగా తెలిసిన కోపమే కాబట్టి ఏమీ అనను.

మొన్న బ్యాటరీ మూతలన్నీ విప్పాక రవి నీళ్ల డబ్బా కోసం చూశాడు. అది గోడకున్న పై అరలో ఉంది. దాని కోసం లేవబోతుంటే నేను పప్పు చేట పక్కన పెట్టి వెళ్లి, మడమలు ఎత్తి, ఎడమ చేత్తో అంచు దాకా లాగి, రెండు చేతులతో దించాను. భుజం దగ్గర పాత చోటే లాగింది. డబ్బా అందుకుంటూ వాడు నా చేతి వైపు చూశాడు.

"గీ చెయ్యే గదనే," అన్నాడు, "నా నౌకరి తిన్నది."

"గీ చెయ్యే" అన్నాను.

వాడు మూత తీసి డబ్బా నాకే ఇచ్చాడు, పట్టుకోమని. ఒక్కో గడిలో నీళ్లు నిండేదాకా, ఆ పుల్లటి వాసనలో, మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం.